తుంగభద్ర పుష్కరాలు, 2020: రెండు గట్ల మీద

గురుడు మకరంలో ప్రవేశించిన 2020 నవంబరు 20న మొదలై డిసెంబరు 1 దాకా సాగిన తుంగభద్ర పుష్కరాలకు కర్నూలు, అలంపురం రెండూ వెళ్లాం. నది ఒకటే, కరోనా కట్టుబాట్లే గట్టుకొక తీరు. కర్నూలు సంకల్‌బాగ్ ఘాట్‌లో మునగనివ్వలేదు, నీళ్లు తలమీద చల్లుకోవడమే. పిండప్రదానానికి ముందే ఆన్‌లైన్‌లో టైము తీసుకోవాల్సి వచ్చింది. వంతెన దాటి, పుల్లూరు టోల్‌గేటు మీదుగా వెళ్లి అలంపురం చౌరస్తాలో కుడికి తిరిగితే తెలంగాణ ఘాట్. అక్కడ జ్వరం చూసి స్నానానికి పంపారు. ఎండలోంచి వెళ్తే నుదుటి దగ్గర పెట్టే మిషన్ ఎక్కువ చూపిస్తుంది, నుదురు తడిగా ఉంటే తక్కువ. కాసేపు నీడలో కూర్చుని, తుడుచుకుని వెళ్లడం మేలు.

అప్పుడు మాస్కులు మనిషికి మూడైనా కావాల్సి వచ్చాయి. తడిసిన గుడ్డ మాస్కు ముక్కుకు అతుక్కుపోయి ఊపిరాడదు. పొడిది కవర్లో వేసి తువ్వాలుతో పాటు గట్టు మీదే ఉంచాల్సి వచ్చింది. శానిటైజర్ తడి ఆరకముందే కర్పూరం వెలిగిస్తే చేతికి మంట అంటుకుంటుంది. సబ్బుతో కడుక్కోవడమే క్షేమం.

అసలు చిక్కు సంకల్పం దగ్గర వచ్చింది. పురోహితుడు దూరంగా, ఇద్దరి మూతులకూ మాస్కులు, పైన మైకుల హోరు. గోత్రం ఒకటి చెబితే ఇంకొకటి వినపడేది. పేరే తప్పితే ఆ తిలోదకం ఎవరికి చేరినట్టు? అందుకే తండ్రివైపు మూడు తరాలు, తల్లివైపు మూడు తరాలు గోత్రాలతో సహా పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పెట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వుల నీళ్లు జారుతుంటే ఆయన కాగితం చూసి ఒక్కో పేరూ పలికారు. ఆ ఏర్పాటు ఎప్పటికీ ఉంచుకోదగ్గది.

జోగులాంబ గుడిలో తీర్థం ఇవ్వలేదు. ముందు నిలబడ్డ ముసలమ్మ అలవాటుగా దోసిలి పట్టింది. కాసేపు అలాగే ఉంచి, ఆ ఖాళీ చేతులే కళ్లకద్దుకుంది.

పెద్దవాళ్లను రావద్దన్నారు. మళ్లీ ఈ నదికి పుష్కరం 2032లోనే. ఇంట్లో ఉన్నవాళ్ల కోసం నీళ్లు తేవాలంటే రాగిచెంబు కారులో ఒలికిపోతుంది, బిగుతు మూత ఉన్న స్టీలు క్యాను పట్టుకెళ్లాలి. స్నానం నీళ్లలో గ్లాసెడు కలిపి, నది పేరు చెప్పి పోయించాలి.