కరెంటు శ్రుతి

నేను వచ్చిన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది, ఇక్కడ 60. చాలామందికి ఈ తేడా ఫోను ఛార్జరు ప్లగ్గు దగ్గరే ముగిసిపోతుంది. స్టూడియోలో పనిచేసేవాడికి మాత్రం అది చెవిలో దూరి కూర్చుంటుంది. అక్కడ వైర్లలో గుంయ్‌మనే మోత దాదాపు పాశ్చాత్య సంగీతపు 'జి' స్వరం మీద నిలిచేది. ఇక్కడిది బి-ఫ్లాట్‌కూ బి-కీ నట్టనడుమ, ఏ స్వరానికీ చెందని చోట నిలుస్తుంది. పాత మోత కనీసం శ్రుతిలో ఉండేదని మొదటి నెలంతా సణుక్కున్నాను.

సహాయ ఇంజనీరుగా నాకు అప్పగించిన తొలి పని ఆ మోతను వెతికి పట్టుకోవడమే. బాస్ గిటార్ దానికి ఇష్టమైన గూడు. 1957లో ప్రెసిషన్ బాస్ అనే మోడల్‌లో పికప్‌ను, అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే భాగాన్ని, రెండు ముక్కలు చేసి, ఒకదాని మోతను రెండోది రద్దుచేసేలా అమర్చారు. అయినా రెండు పికప్పులుండే జాజ్ బాస్ అనే మోడల్‌లో ఒక్క పికప్పే తెరిచి వాయించేవారు ఇప్పటికీ వస్తుంటారు. అప్పుడు గదిలో వెలుతురు తగ్గించే డిమ్మర్ ఆపేస్తాను, గిటారును నేరుగా రికార్డింగుకు కలిపే డీఐ బాక్సు మీద, గ్రౌండ్ వైరును విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూస్తాను. అదీ ఫలించకపోతే వాయించేవారిని కుర్చీతో సహా కొద్దికొద్దిగా తిప్పుతాను. ఏదో ఒక దిక్కున మోత అణగిపోతుంది. అక్కడ నేల మీద టేపు అంటించి, రోజంతా కదలవద్దని బతిమాలుకుంటాను.

భాష ఇబ్బంది పెట్టదనుకున్నాను. చదువంతా ఇంగ్లీషులోనే సాగింది కదా. కానీ ఇక్కడివారు శబ్దం గురించి మాట్లాడే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. బాస్ బురదగా ఉందంటారు, ముక్కుతో మాట్లాడుతోందంటారు, ఇంకాస్త గుర్రుమనాలంటారు. నేను తలాడించి, ఏ మీట తిప్పాలో తెలియక నిలబడేవాణ్ణి. చివరికి ఒక నోటుపుస్తకంలో నాదైన నిఘంటువు రాసుకున్నాను: బురద అంటే 200, 300 హెర్ట్జ్‌ల దగ్గర పేరుకున్నది, గుర్రు అంటే 700 నుంచి 1,000 దాకా, వేలు తీగను తాకిన టిక్కు 2,000 పైన. వాద్యాన్ని బట్టి అంకెలు అటూఇటూ జరుగుతాయి, కానీ ఎక్కడ తడమాలో తెలిసింది.

నన్ను నిజంగా సిగ్గుపడేలా చేసింది వేరే సంగతి. బాస్‌ను సాధారణంగా రెండు దారుల్లో పట్టుకుంటాం. డీఐ బాక్సు గుండా నేరుగా ఒకటి, ఆంప్లిఫయర్ ముందు పెట్టిన మైకు గుండా మరొకటి. ఒకరోజు విడివిడిగా వింటే రెండు ట్రాకులూ బలంగానే ఉన్నాయి, కలిపితే రేకు డబ్బా అయ్యాయి. లోపం స్పీకర్లదనుకుని మంద్రాన్ని ఆరు డెసిబెళ్లు పెంచాను. మా సీనియర్ వెనక నుంచి వచ్చి, "పెంచకు. ముందు తిప్పు" అని ఒక్క మీట నొక్కారు. అది పొలారిటీ మీట. ఆంప్లిఫయర్ తరంగాన్ని తలకిందులు చేసి పంపుతోంది. ఒకటి పైకి లేచినప్పుడు రెండోది కిందికి దిగుతోంది. మీట నొక్కగానే గది నేలకు బరువు వచ్చింది.

పని అక్కడితో కాలేదు. మధ్యస్వరాలు ఇంకా డొల్లగా ఉన్నాయి. మైకు స్పీకరుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. సెకనుకు 343 మీటర్లు నడిచే శబ్దం ఆ దూరం దాటడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. మందమైన ఇ తీగ 41 హెర్ట్జ్ తరంగం ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవుంటుంది కనుక దానికి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. 570 హెర్ట్జ్ దగ్గరి స్వరాలకు అదే సగం తరంగం. అక్కడ రెండు ట్రాకులూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. మైకు ట్రాకును ఆ మేరకు ముందుకు జరిపాక డొల్లతనం పోయింది. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ ఆ ఆరు డెసిబెళ్లనే తలచుకున్నాను.

మైకే లేకుండా గొప్ప పని జరిగిన ఉదాహరణలూ ఉన్నాయి. అమెరికాలోని మోటౌన్ స్టూడియోలో బాస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ గిటారు నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకి వెళ్లేది. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదని చెబుతారు. ఆయన చూపుడు వేలు ఒక్కటే మీటేది. శబ్దంలోని హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ గురించి గంటలకొద్దీ వాదించే కుర్రాళ్లకు ఈ మాట చెబితే నచ్చదు. కంప్రెసర్ వద్దనడం లేదు, నాలుగుకు ఒకటి నిష్పత్తిలో మెత్తగా నేనూ వాడతాను. అయితే స్వరం స్వరానికీ బలం మారే చేతిని అది బాగుచేయదు. దానికంటే హెడ్‌ఫోన్లు మేలు చేస్తాయి: వాయించేవారికి వారి బాస్ కొంచెం తక్కువగా వినిపిస్తే వేళ్లలో బలం పెరుగుతుంది, ఎక్కువగా వినిపిస్తే చెయ్యి మెత్తబడుతుంది. నేను చెప్పకుండానే ఈ చిట్కా వాడతాను. ఇది కాస్త దొంగతనమే.

నేను ఇక్కడ చేసే పని అమ్మకు వివరించడం కష్టం. నేను పనిచేసిన మొదటి పాట ఫోనుకు పంపితే మూడుసార్లు విని, "బాగుంది. ఇందులో నువ్వు చేసిందేది?" అని అడిగింది. నాలుగు రోజులు చెమటోడ్చిన బాస్ ఆ చిన్న స్పీకరులో అసలు లేనే లేదు. అప్పటినుంచి బాస్ ట్రాకుకు ఒక నకలు తీసి, దాన్ని కావాలని కాస్త చెడగొట్టి, 200 హెర్ట్జ్ కిందిదంతా కోసి, అసలుదాని కింద సన్నగా కలుపుతున్నాను. మూలస్వరం వినిపించకపోయినా, దానితోపాటు పైన పలికే అనుస్వరాలు వింటే చెవి మిగతాది తానే పూరించుకుంటుంది.

మొన్న కొత్త పాట పంపాను. అర్ధరాత్రి ఫోను మోగింది.

"వెనకాల గొంతు బొంగురుపోయినట్టు ఎవరో మూలుగుతున్నారు, ఎవరు నాయనా?"