పర్లాకిమిడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎన్ని గంటలు?

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మ ఒక్కతే వెళ్తోందని ఖాయమయ్యాక ఇంట్లో అందరికంటే ఎక్కువ టెన్షన్ పడింది నేనే. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "ఏరా, అక్కడికి ఎన్ని కిలోమీటర్లు?"

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సుమారు 12,400 అని చెప్పాను. గోడ మీద మ్యాపు చూపించి "ఈ ఐరోపా మీంచా?" అంది. కాదని నోటితో చెబితే అర్థం కాదు కదా, అందుకే మా అబ్బాయి గ్లోబు తెచ్చి, అమ్మ కుట్టుపెట్టెలోని ఎర్రదారం ఒక కొస ఢిల్లీ మీద నా బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి లాగమన్నాను. దారం బిగిసేకొద్దీ జారి జారి రష్యా మీదుగా పైకెళ్లి, ఉత్తర ధ్రువానికి కాస్త ఇవతల మంచు సముద్రం దాటి, అలాస్కా వైపు దిగింది. అమ్మ దారం వదల్లేదు, చాలాసేపు అలాగే చూసింది. "ఇంత మంచు మీంచా రా!"

అయితే విమానం ప్రతిసారీ ఆ దారం మీదే పోదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంటుంది, అది వెనకనుంచి తోస్తే దూరం పెరిగినా టైము తగ్గుతుంది. 2016లో ఎయిర్ ఇండియా ఇదే రూటుని పసిఫిక్ మీదుగా మార్చినప్పుడు దాదాపు 15,300 కిలోమీటర్లు తిరిగి కూడా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. అందుకే కిలోమీటర్లు చూసి గంటలు లెక్కగట్టొద్దని నేను గట్టిగా చెబుతాను.

పైగా మనలాంటి ఊళ్లవాళ్లకి అసలు ప్రయాణం విమానంలో మొదలవదు. సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి కారెక్కాం, పాతపట్నం దాటి విశాఖ చేరేసరికి నాలుగు. అక్కణ్నుంచి ఢిల్లీకి రెండున్నర గంటలు, ఢిల్లీలో తెల్లవారుజాము నాలుగు దాకా కూర్చోవడం, ఆపైన పదహారు గంటలు గాల్లో. చెల్లి ఇంట్లో కాలుపెట్టేసరికి మొత్తం 34 గంటలు, అందులో గాల్లో ఉన్నది పద్దెనిమిదిన్నరే! పెద్దవాళ్లని పంపేవాళ్లు ఈ మిగతా గంటలకే ఎక్కువ ఏర్పాటు చేసుకోవాలి. మందులు చేతిసంచిలో పెట్టండి, వీల్‌చైర్ ముందే అడగండి, ఢిల్లీలో తినడానికి ఏదైనా కట్టివ్వండి.

దిగగానే ఫోన్ చేసింది. మాకు మంగళవారం రాత్రి ఎనిమిదిన్నర, భోజనాలకి కూర్చుంటున్నాం. "ఒరేయ్, ఇక్కడ ఇంకా మంగళవారం పొద్దున్నే, ఎండ ఇప్పుడిప్పుడే వస్తోంది" అంది. పన్నెండున్నర గంటల తేడా అని నేను పదిసార్లు చెప్పినా నమ్మని మనిషి, కిటికీలోంచి చూసి నమ్మింది.

నవంబరు చివర్లో తిరిగొస్తుంది. అప్పటికి అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, తేడా పదమూడున్నర అవుతుంది. విశాఖకి కారు ఎప్పుడు బయల్దేరాలో మళ్లీ లెక్క వేసి పెట్టుకోవాలి.