నూరేళ్ల నాటి కార్టూన్లు మా పిల్లలతో చూస్తుంటే

మా అబ్బాయికి ఆరేళ్లు. ఈ మధ్య వాడికి బాగా నచ్చిన కార్టూన్ 1914లో వచ్చింది. రంగుల్లేవు, మాటల్లేవు. న్యూయార్క్ పత్రికల్లో బొమ్మలు వేసే విన్సర్ మెక్కే తీసిన 'గెర్టీ ద డైనోసార్'. గుహలోంచి ఓ పెద్ద డైనోసార్ మెల్లగా తల బయటపెడుతుంది. ఎదురుగా ఉన్న చెట్టును అమాంతం నమిలేస్తుంది. వంగమంటే వంగుతుంది, కాలెత్తమంటే ఎత్తుతుంది. మొండికేస్తే యజమాని కసురుతాడు, అప్పుడు చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఆ ఏడుపు దగ్గర మావాడు ప్రతిసారీ మా అమ్మ ఒళ్లోకి జరుగుతాడు.

అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని అమెరికాలోని మా ఎడిసన్‌కి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు, పిల్లల తెలుగు రెండూ అంతంతమాత్రమే. ఏ సినిమా పెట్టినా నేను మధ్యలో కూర్చుని ఇటు మాట అటు చెప్పాలి. సగం జోకులు ఆ దారిలోనే చచ్చిపోతాయి. గెర్టీ పెట్టినప్పుడు ఆ బాధ లేదు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అట్టలు చదవకపోయినా కథ తెలిసిపోతుంది. అమ్మమ్మా మనవడూ ఒకేచోట నవ్వారు. ప్రవాసంలో పిల్లల్ని పెంచేవాళ్లకి అదెంత అపురూపమో వేరే చెప్పక్కర్లేదు.

వాడు ఇంకోటి కూడా పట్టాడు. "అమ్మా, కొండలకి చలేస్తోందా?" అన్నాడు. నిజమే, వెనకాల కొండలు, చెరువు గట్టు సన్నగా వణుకుతూ ఉంటాయి. అప్పటికింకా పారదర్శకమైన షీట్ మీద పాత్రని విడిగా గీసే పద్ధతి రాలేదు. కాబట్టి ప్రతి బొమ్మలోనూ డైనోసార్‌తో పాటు కొండల్నీ మళ్లీ గీయాల్సిందే. ఒక కుర్రాడు మెక్కే పక్కన కూర్చుని ఆ కొండల్నే మళ్లీ మళ్లీ దించేవాడట. పదివేల బొమ్మలని ఆ చిత్రంలోనే చెబుతారు. ఏ రెండు గీతలూ సరిగ్గా ఒకచోట పడవు కదా, అందుకే ఆ వణుకు. కాగితం మీద చెయ్యి కదిలిన గుర్తు అది. నూరేళ్లు దాటినా తెరమీద కనిపిస్తోంది. మొదట్లో మెక్కే కొరడా పట్టుకుని తెర పక్కనే నిలబడి గెర్టీతో మాట్లాడేవాడనీ, ఆట చివర్లో తెర వెనక్కి వెళ్లి, మరుక్షణం బొమ్మగా మారి దాని వీపెక్కేవాడనీ చెప్పాను. అప్పట్నుంచి మావాడు టీవీ పక్కన నిలబడి గెర్టీకి ఆర్డర్లు వేస్తున్నాడు, తెలుగులో. "కాలెత్తు" అనే మాట అలా వచ్చింది వాడికి.

ఈ ఊపులో మిక్కీ మౌస్ కార్టూన్ 'స్టీమ్‌బోట్ విల్లీ' పెట్టాను. 1928 నవంబర్ 18న న్యూయార్క్ బ్రాడ్‌వేలో కాలనీ థియేటర్‌లో మొదట వేశారు. ఆ హాలు ఇప్పటికీ ఉంది, పేరు మాత్రం బ్రాడ్‌వే థియేటర్. ఊళ్లోకి రైల్లో వెళ్లినప్పుడు పిల్లలకి చూపించాను కూడా. 2024 జనవరి 1తో ఇక్కడ ఆ చిత్రానికి కాపీరైట్ తీరిపోయింది, ఎక్కడైనా దొరుకుతుంది.

అందరూ పకపకా నవ్వుతారనుకుంటే సోఫా మీద నిశ్శబ్దం. మిక్కీ, మిన్నీ కలిసి మేక తోక తిప్పి పాట వాయిస్తారు, మిక్కీ పిల్లిని తోక పట్టుకుని గిరగిరా తిప్పుతాడు, బాతుని నొక్కి అరిపిస్తాడు, పాలు తాగుతున్న పందిపిల్లల్ని లాగుతాడు. "ఆపు, బాతుకి నొప్పి" అన్నాడు మావాడు. "నోరులేని జీవాల్ని అట్లా చేస్తే ఎట్లారా" అంది అమ్మ. ఇంట్లో గేదెల మధ్య పెరిగిన మనిషి, పిండేది పాలనే అని తెలిసిన మనిషి. కిండర్‌గార్టెన్‌లో పెంపుడు కుందేలుని మెల్లగా పట్టుకోవడం నేర్చుకున్న పిల్లాడు. ఇద్దరికీ ఒకేచోట మనసు చివుక్కుమంది.

1928 నాటి ప్రేక్షకులు కఠినాత్ములని నేననుకోను. బొమ్మ నోరు తెరిస్తే సరిగ్గా అప్పుడే అరుపు వినిపించడం వాళ్లకి అద్భుతం. చూపంతా ఆ తాళం మీదే. మా పిల్లలకి శబ్దంతో కదిలే బొమ్మ పుట్టినప్పట్నుంచీ ఉంది, అందులో వింత లేదు. వింత పోయాక ఇక మిగిలింది బాతూ, దాని అరుపూ. వాళ్లకి అదే ముందు కనబడింది. తర్వాతి కాలంలో ఆ పందిపిల్లల ముక్కని కొన్ని ప్రతుల్లోంచి తీసేశారంటే, ఇబ్బంది పడింది మా ఇంట్లోవాళ్లే కాదన్నమాట.

పదకొండేళ్ల మా అమ్మాయి మాత్రం పాట దగ్గర ఆగింది. "ఇది ఐస్‌క్రీమ్ బండి పాట కదా!" ఔను. మేక కడుపులోంచి వచ్చే 'టర్కీ ఇన్ ద స్ట్రా' బాణీయే ఎండాకాలం సాయంత్రాలు మా వీధుల్లోకీ వస్తుంది. వాడు నిద్రపోయాక దానికి ఆ బాణీ చరిత్ర చెప్పాను. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లని వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ఆటల్లో ఇదే బాణీకి ఎగతాళి మాటలు కట్టి పాడారు. 2020లో గుడ్ హ్యూమర్ సంస్థ ర్యాపర్ రిజా (RZA) చేత ఐస్‌క్రీమ్ బండ్ల కోసం కొత్త బాణీ కట్టించింది ఇందుకే. ఆరేళ్లవాడికి ఇదంతా ఇప్పుడే అక్కర్లేదు. పదకొండేళ్ల పిల్లకి కావాలి, ఎందుకంటే ఈ దేశంలో బతకబోయేది అది.

'టామ్ అండ్ జెర్రీ' దగ్గరికొచ్చేసరికి చర్చ వేడెక్కింది. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి 1995లో వచ్చింది. బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి చూసిన తరం మాది. చీపురు పట్టుకుని టామ్‌ని తరిమే ఆ కాళ్లు మాకు ఇంటావిడ కాళ్లు. మొహం కనిపించకపోయినా మా పక్కింటి అత్తయ్యలా అనిపించేది. మా అమ్మాయికి ఆ కాళ్లు ఓ నల్లజాతి పనిమనిషివి. తల చూపించరు, కాళ్లు మాత్రం చూపిస్తారు, యాస పెట్టి నవ్విస్తారు. "మొహం ఎందుకు లేదు?" అని అడిగింది. ఆ పాత్రకి గొంతిచ్చిన లిలియన్ రాండాల్ఫ్ మంచి నటి, అయినా ఆ కార్టూన్లలో పేరు వేయలేదు. 1960ల్లో టీవీకి ఇచ్చేటప్పుడు ఆ పాత్రని చెరిపేసి తెల్లావిడని గీయించారు, గొంతూ మార్చారు. ఈమధ్య ఆ కార్టూన్ల హక్కులున్న వార్నర్ వాళ్లు అసలు బొమ్మనే ఉంచి, ముందు ఓ హెచ్చరిక కార్డ్ వేస్తున్నారు: ఈ చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, కానీ దాచేస్తే ఆ వివక్ష అసలు లేదన్నట్టే అవుతుందని. నాకు ఆ పద్ధతే సబబుగా తోస్తుంది. చెరిపేస్తే మా అమ్మాయికి ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

మా అమ్మాయి సొంత గాయం ఇంకో బాణీలో ఉంది. పాత కార్టూన్లలో తలపాగా, బుట్ట, పాము కనిపిస్తే చాలు, ఒక్కటే బాణీ వస్తుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన నుంచి ప్రచారంలోకి వచ్చింది. బడిలో లంచ్ బాక్స్ తెరిస్తే కొందరు పిల్లలు ఆ బాణీయే కూనిరాగం తీసేవాళ్లు. అదెక్కడిదో దీనికి తెలియదు, తన గురించేనని మాత్రం తెలుసు. అది అమెరికాలో ప్రచారంలోకి వచ్చిన బాణీ అనీ, మన నాదస్వరంతోగానీ మన పాములవాళ్లతోగానీ దానికి చుట్టరికం లేదనీ తెలిశాక కాస్త నిటారుగా కూర్చుంది.

ఆ ఆదివారం అమ్మ కోసం ఓ పాత తెలుగు సినిమా పెట్టాం. అందులో హాస్యనటుడు పెళ్లిచూపుల్లో పిల్ల నలుపని పారిపోతాడు. మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపింది. "దీని ముందు కార్డ్ ఏది?"

నేను కాలం వేరని ఏదో మొదలుపెట్టబోయాను. అమ్మ అడ్డం వచ్చింది. "అప్పట్లో హాలంతా నవ్వేదే తల్లీ. నేను మాత్రం నవ్వలా. రంగు తక్కువని నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి" అంది. ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో వరసగా అడుగుతూ పోయింది: ఎవరు వద్దన్నారు, మీ నాన్న ఏమన్నారు, తాతగారు ఏమన్నారు. అమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. సినిమా ఆగినచోటే ఉండిపోయింది, భోజనాల వేళ దాటిపోయింది.

మీ ఇంట్లోనూ చూడాలనుకుంటే చిన్నవాళ్లతో గెర్టీ దగ్గర మొదలుపెట్టండి. తర్వాత 1929 నాటి 'ద స్కెలిటన్ డాన్స్', అస్థిపంజరాలు భయపెడుతూనే నవ్విస్తాయి. 'స్టీమ్‌బోట్ విల్లీ'ని పక్కన కూర్చుని చూపించండి, పిల్లలు ఆపమంటే ఆపండి. 'టామ్ అండ్ జెర్రీ' పాత భాగాలు ప్రశ్నలడిగే వయసు వచ్చాక పెట్టండి. అమ్మమ్మో నానమ్మో ఊరి నుంచి వచ్చి ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టండి.