ఏడడుగుల కిచెన్ నా పరువు తీసింది

నిన్న సాయంత్రం పికిల్‌బాల్ మూడు గేములు ఆడాను, అదే, చెక్కలాంటి బ్యాట్‌తో చిల్లుల ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టే ఆట. ఒక్క కిచెన్ ఫాల్ట్ (నెట్ పక్కనుండే ‘కిచెన్’ అనే గడి దగ్గర చేసే తప్పు) కూడా చెయ్యలేదు. ఆరు వారాల కిందట, మొదటి రోజు, ఒకే గేములో ఐదు చేశాను. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి, డాలస్ చుట్టుపక్కల పార్కుల్లో పికిల్‌బాల్ చూసి ‘ఇదేముంది, మన షటిలేగా’ అనుకునే నాలాంటి పాత షటిల్ వాళ్ళకి పనికొస్తుంది.

అలా అనిపించడంలో తప్పులేదు. 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఈ ఆట పుట్టిందే ఒక షటిల్ కోర్టు మీద. ఇప్పటికీ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అంటే మన డబుల్స్ కోర్టే. నెట్ మాత్రం కిందికి ఉంటుంది, అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34.

సర్వీసు సులువే. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక నిలబడి, నడుము కింద నుంచి, ఎదుటి ఐమూల గడిలోకి వెయ్యాలి. చేతిలోంచి బంతిని ఊరికే వదిలేసి, లేచాక కొట్టినా చెల్లుతుంది. నేలకేసి కొట్టి లేపితే మాత్రం చెల్లదు. సర్వీసు కిచెన్ గీత మీద పడితే ఫాల్ట్, మిగతా ఏ గీత మీద పడినా లోపలే. నెట్ తగిలి సరైన గడిలో పడితే ఆట సాగిపోతుంది, మళ్ళీ వెయ్యడం లేదు.

స్కోరు దగ్గర కుర్రాళ్ళు తల పట్టుకుంటారు గానీ నాకు నవ్వొచ్చింది. ‘సున్నా, సున్నా, రెండు’ అని మొదలుపెడతారు. మొదటిది సర్వీసు జట్టు పాయింట్లు, రెండోది ఎదుటివాళ్ళవి, మూడోది సర్వర్ నంబరు, అంటే జట్టులో ఒకటో సర్వరా, రెండో సర్వరా అని. సర్వీసు చేసేవాళ్ళకే పాయింటు. 11 కొట్టాలి, రెండు తేడా ఉండాలి. జట్టులో ఇద్దరి సర్వీసూ పోయాకే అవతలివాళ్ళకి వెళ్తుంది. కానీ గేము మొదలుపెట్టిన జట్టుకి మొదటిసారి ఒక్కరే సర్వర్, అందుకే ఆ ‘రెండు’. 2006కి ముందు 15 పాయింట్ల షటిల్ డబుల్స్ ఆడినవాళ్ళకి ఇది కొత్తా? సర్వీసు మారే తీరు అచ్చం అదే లెక్క. తెనాలిలో 30 ఏళ్ళు ఆ లెక్కలోనే ఆడాను, మా జట్టు స్కోరు నోట్లోంచి తప్పిపోయిన రోజు లేదు.

ఆ మిడిసిపాటే ముంచింది.

నెట్‌కి ఇటూ అటూ ఏడేసి అడుగులు కిచెన్. అందులో కాళ్ళుండగా బంతిని నేల తాకకముందే గాల్లో కొట్టకూడదు. నాకు చెప్పింది ఇంతే. ఎత్తుగా వచ్చిన బంతిని గీత బయటి నుంచే దూకి దంచాను. ఎవరూ అందుకోలేదు. పాయింటు మాదే అని తిరిగి చూస్తే, అవతల డెబ్భై దాటిన ఆవిడ నవ్వుతూ నా బూట్లకేసి వేలు చూపించింది. కొట్టిన ఊపుకి రెండడుగులు లోపలికి వెళ్ళి నిలబడ్డాను. బంతి చచ్చాక వెళ్ళినా సరే, ఆ ఊపు తీసుకెళ్తే ఫాల్టే. షటిల్‌లో స్మాష్ కొట్టి నెట్ మీదికి దూసుకెళ్ళడమే నాకు తెలిసిన గొప్ప. ఇక్కడ అదే దోషం. మరి నాలుగుసార్లు అలాగే చేశాను. ఐదోసారి మా ఆవిడ బెంచీ మీద నుంచి, ‘ఇంట్లో కిచెన్‌లోకి ఎప్పుడూ రారు, అక్కడెందుకండీ దూరుతున్నారు?’ అంది. తెలుగువాళ్ళు నలుగురున్నారు, నవ్వారు.

చివరికి నాకు ఇది మా అమ్మమ్మ మడిలా అర్థమైంది. గడప కూడా ఇంట్లోదే, అంటే గీత తొక్కినా లోపల ఉన్నట్టే. గాల్లో కొట్టే ఊపులో టోపీ జారి లోపల పడినా, బ్యాట్ తగిలినా మైలే. లోపల నిలబడిన పార్ట్‌నర్ని ఆనుకుని కొట్టినా అంటుకుంటుంది. లోపలి నుంచి ఎగిరి, గాల్లో కొట్టి, బయట దిగితే పోతుందనుకోకండి. ముందు రెండు కాళ్ళూ బయట నేల మీద ఆనాలి, ఆ తర్వాతే కొట్టాలి. అయితే లోపలికి వెళ్ళడం తప్పు కాదు. కిచెన్‌లో పడి లేచిన బంతిని వెళ్ళి నిక్షేపంగా కొట్టొచ్చు. ఇది తెలియక సగంమంది కొత్తవాళ్ళు చిన్న బంతుల్ని వదిలేస్తున్నారు.

నాకు పనిచేసిన మందు ఒక్కటే. గీతకి అరడుగు వెనక నిలబడి, మోకాళ్ళు వంచి, చెయ్యి వెనక్కి లాగకుండా ముందుకు నెట్టినట్టు కొట్టడం, కొట్టాక ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా కదలకపోవడం.

రెండు బౌన్సుల నియమం కూడా షటిల్ వాళ్ళని పట్టేస్తుంది. సర్వీసు ఒకసారి నేల తాకాలి, దాని రిటర్నూ ఒకసారి తాకాలి. మూడో షాట్ అయ్యాకే గాల్లో కొట్టడం. అందుకని సర్వీసు చేసి ముందుకు పరిగెత్తొద్దు, బేస్‌లైన్ దగ్గరే ఆగండి. ఔట్‌కి పోతున్న బంతిని చేత్తో పట్టుకోకండి, కోర్టు బయట నిలబడి పట్టుకున్నా పాయింటు వాళ్ళదే.

ఇక మర్యాదలు. మీ వంతు కోసం మీ బ్యాట్ ర్యాక్‌లో వరసలో పెట్టండి. జనం ఎక్కువుంటే గేము అవగానే నలుగురూ దిగాలి. పక్క కోర్టులోకి బంతి పోతే ‘బాల్’ అని గట్టిగా అరవండి, ఎవరైనా తొక్కితే కాలు మడతపడుతుంది. ర్యాలీ నడుస్తుంటే వాళ్ళ వెనక నుంచి నడవొద్దు. గీతల తీర్పు ఎవరి వైపుది వాళ్ళే చెప్పాలి, స్పష్టంగా కనిపించకపోతే లోపల పడినట్టే. మా పార్కులో ఒకాయన అవతలి బేస్‌లైన్ నుంచి మా గీతలకి ఔట్ చెప్తాడు. ఒకరోజు ‘మీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి, నేనూ చూస్తాను’ అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ ఆ వారం మళ్ళీ చెప్పలేదు. అంతకన్నా విసుగు అడక్కుండా కోచింగ్ ఇచ్చేవాళ్ళు. పాయింటు పాయింటుకీ పాఠం.

నడక బూట్లు వద్దు, పక్కలకి కదిలితే చీలమండ తిరుగుతుంది. కోర్టు బూట్లు కొనండి. తల మీదుగా బంతి లేస్తే వెనక్కి వెనక్కి అడుగులు వెయ్యకండి, పక్కకి తిరిగి పరిగెత్తండి. మన వయసులో వెల్లకిలా పడితే విరిగేది మణికట్టు.

అబ్బాయి గరాజ్‌లో గోడ నుంచి ఏడడుగులు కొలిచి నీలం టేపు అంటించాను. రోజూ పొద్దున అరగంట దాని వెనక నిలబడి గోడకి కొడుతున్నాను. కారు బయట ఎండలో ఉంటోందని కోడలు రెండుసార్లు అడిగింది, ఆ టేపు ఎప్పుడు తీస్తారు మావయ్యా అని.