గన్ను పాతదే, చెక్కుడే కొత్తది
నిన్న ఒక కోల్ట్ 1849 పాకెట్ రివాల్వర్ (19వ శతాబ్దపు అమెరికన్ చిన్న తుపాకీ) చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నా, కొందామా వద్దా అని. ఫ్రేమ్ నిండా ఆకులు, తీగలు, చూడగానే మనసు పడిపోయింది. నిజానికి ఈ మోడల్ అంత అరుదేం కాదు, 3 లక్షలకు పైగానే తయారయ్యాయి, సిలిండర్ (గుండ్లు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) మీద దొంగలు స్టేజ్‌కోచ్‌ని, అంటే ప్రయాణికుల గుర్రబ్బండిని, ఆపే సీన్ ఉంటుంది కదా, అది కూడా ఒక్కోదాని మీద చేత్తో చెక్కింది కాదు, ఆర్మ్స్‌బీ అనే ఆయన చెక్కిన అచ్చుని రోలర్‌తో నొక్కి దించేవాళ్ళు. అసలు అరుదైనవి కోల్ట్ తుపాకుల మీద చెక్కిన గుస్తావ్ యంగ్ లాంటి వాళ్ళ చేతిపని ఉన్నవి.

సరే అని లెన్స్ పెట్టి చూస్తే తుప్పు తిన్న గుంటల్లోకి కూడా గీత దిగి ఉంది!! అంటే తుప్పు ముందు, చెక్కుడు తర్వాత. 19వ శతాబ్దపు పనైతే గీతల అంచులు కూడా లోహంతో పాటే అరిగి మెత్తబడాలి, ఇవేమో వేలికి గరగర తగులుతున్నాయి. అమ్మేవాయన మాత్రం "ఫ్యాక్టరీ పనే సార్" అంటూనే ఉన్నాడు. గన్ను భాగాల మీది సీరియల్ నంబర్లు అన్నీ ఒకదానితో ఒకటి మ్యాచ్ అయ్యాయి, దాంతోనే సగం పడిపోయా నేను (ఆశ ఉన్నప్పుడు కళ్ళు సరిగ్గా పనిచేయవు లెండి). తిరిగి ఇచ్చేశా. ఆ తీగల డిజైన్ మాత్రం ఇంకా కళ్ళ ముందే తిరుగుతోంది.