ఎనిమిది దగ్గరొక గీత, పన్నెండు దగ్గరొకటి

చిత్తూరు, జులై 2025

ఇవాళ ఎకనామిక్స్ క్లాసులో బీఏ రెండో ఏడాది పిల్లలకు కనీస ధర గురించి చెప్పాలి. పుస్తకంలో గోధుమల ఉదాహరణ ఉంది. ఈ జిల్లాలో గోధుమ చేను చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? పొద్దున గుడిపాల దగ్గర మా బస్సు మామిడి గుజ్జు (పల్ప్) ఫ్యాక్టరీ ముందు ఆగిన ట్రాక్టర్ల పక్కనుంచే నత్తనడకన వచ్చింది. అన్నీ తోతాపురి మామిడి లోడ్లే. కింది వరస కాయలు నలిగి రసం రోడ్డు మీద కారుతోంది. కాలేజీ చేరేలోపే గోధుమలను పక్కన పెట్టేశాను.

బోర్డు మీద సప్లయి రేఖ, డిమాండ్ రేఖ గీసి, అవి కలిసే చోటికి పైన రెండు అడ్డగీతలు పెట్టాను. ఒకటి 8 దగ్గర, ఇంకొకటి 12 దగ్గర. అవేమిటో నేను చెప్పకముందే సగం క్లాసుకు అర్థమైంది. ఈ 2025 సీజన్‌లో కిలో తోతాపురికి ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం మరో 4 కలిపి రైతు ఖాతాలో వేస్తుంది. పుస్తకంలో ఒకటే గీత ఉంటుంది, ఇక్కడ రెండెందుకు అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఎంత కొనాలో ఫ్యాక్టరీవాళ్లు 8 చూసి నిర్ణయించుకుంటారు, ఎంత కోయాలో రైతు 12 చూసి నిర్ణయించుకుంటాడు. ఇద్దరూ వేర్వేరు ధరలు చూస్తున్నప్పుడు కొనే కాయలూ కోసే కాయలూ ఎందుకు సమానమవుతాయి? ఆ మధ్యలో మిగిలిపోయేదాన్ని పుస్తకం ‘మిగులు’ అంటుంది.

"ఆ మిగులు ఎక్కడుందో చెప్పండి" అన్నాను.

"ఫ్యాక్టరీ గేటు బయట, మేడమ్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు. వాళ్ల నాయన రెండు రాత్రులుగా ఆ వరసలోనే ఉన్నాడట.

అక్కణ్ణుంచి పాఠం నేను చెప్పింది తక్కువ, వాళ్లు చెప్పింది ఎక్కువ. ధరను కదలనివ్వకపోతే ఎవరి సరుకు ముందు కొనాలో ఇంకేదో తేల్చాలి కదా, ఆ పని ఇక్కడ టోకెన్, అంటే ఫ్యాక్టరీలోకి పోయే వంతు చీటీ, చేస్తోంది. టోకెన్ ఎవరికి ముందు దొరుకుతుందో పిల్లలకు నాకంటే బాగా తెలుసు, ఆ పేర్లు ఇక్కడ రాయను. టోకెన్ లేనివాళ్లు ర్యాంపుకు, అంటే వ్యాపారులు కాయలు కొనే చోటికి, పోతారు. అక్కడ కిలో రెండు మూడు రూపాయలకు అడుగుతున్నారు. ఈ లెక్కన 12 అనేది టోకెన్ ఉన్నవాడి ధర మాత్రమే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకోటి. మన పుస్తకాల్లో మార్కెట్ అంటే పరిపూర్ణ పోటీతో మొదలవుతుంది, కొనేవాళ్లు బోలెడుమంది, అమ్మేవాళ్లు బోలెడుమంది. ఏకస్వామ్యం అన్నా అమ్మేవాడిదే. కొనేవాళ్లు గుప్పెడుమంది ఉండే మార్కెట్ సంగతి ఎక్కడో చివర్లో రెండు పేరాలు. కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుందో బ్రిటన్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే వివరంగా రాసినా, మన పరీక్షల్లో ఆ ప్రశ్న దాదాపుగా రాదు. బంగినపల్లిని ఊరూరా కొని తింటారు. తోతాపురి ప్రధానంగా జ్యూస్ కాయ, ఫ్యాక్టరీ తీసుకోకపోతే దాన్ని అమ్ముకునే దారులు చాలా తక్కువ. పైగా ఫ్యాక్టరీవాళ్లు పల్ప్‌ను గాలి చొరని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టుకుంటే ఏడాదిన్నర దాకా చెడిపోదు. పోయినేడు సరుకే ఇంకా మిగిలి ఉందని వాళ్ల మాట. అబద్ధమని నేననను, ఆర్డర్లు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కానీ బేరం ఎవరెవరి మధ్య జరుగుతోందో చూడండి. ఒకడి సరుకు డ్రమ్ములో ఏడాదిన్నర ఆగుతుంది, ఇంకొకడిది ఎండలో, ట్రాలీలో నాలుగు రోజులు కూడా ఆగదు. సప్లయి పూర్తిగా అవ్యాకోచమైతే, అంటే ధర ఎంత మారినా అమ్మకానికి వచ్చే సరుకు మారకపోతే, నిట్టనిలువు గీత అని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. ట్రాక్టర్ తిప్పుకుని ఇంటికి పోలేకపోవడమే ఆ నిలువు గీత అని ఈ ఏడు చెప్పాను.

బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి వాళ్ల తోటలో కాయ కోయలేదంది. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ కలిపితే ర్యాంపులో వచ్చే డబ్బు కంటే ఎక్కువవుతుందట. ధర సగటు చర వ్యయం (సరుకు తీస్తేనే అయ్యే ఖర్చు) కంటే తక్కువైతే సంస్థ ఉత్పత్తి ఆపేస్తుంది అనే వాక్యాన్ని బట్టీ పట్టించాల్సిన పని ఇక ఈ బ్యాచ్‌కు లేదు. అయితే వాళ్ల నాయన మందుల పిచికారీకి పెట్టిన డబ్బు తలుచుకుని, కోసి పారేసినా సరే కొయ్యాల్సిందేనని ఇంట్లో గొడవ పడ్డాడట. పోయిన ఖర్చును లెక్కలోకి తీసుకోకూడదని శాస్త్రం చెబుతుంది. ఆ మాట ఆయనతో అనగలనా? నేనైతే అనలేను.

కర్ణాటక సంగతి వచ్చేసరికి క్లాసు వేడెక్కింది. జూన్‌లో ఇతర రాష్ట్రాల తోతాపురి మన జిల్లాలోకి రాకుండా ఆపినప్పుడు అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాశారు. ‘మన కాయకే దిక్కు లేదు, వాళ్లదెందుకు’ అని అందరిదీ ఒకటే మాట. పలమనేరు కుర్రాడు మాత్రం లేచి, "మేం టమాటా కోలారు మార్కెట్‌కు తీసుకుపోతాం, రేపు వాళ్లూ ఆపితే?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణంలో ఉందని చెప్పాను, దానికి మినహాయింపులూ ఉన్నాయన్నాను. ఈ నిషేధం నాకు నచ్చలేదు. కర్ణాటకలోని శ్రీనివాసపుర రైతు కూడా ఈ ఫ్యాక్టరీలనే నమ్ముకుని చెట్లు పెట్టాడు. ఆ మాట క్లాసులో అనలేదు, వాళ్లే వాదించుకోనీ అని.

మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కామర్స్ సార్ జీఎస్టీ ఎత్తారు. మామిడి పల్ప్ మీద అప్పటికి (2025 జులై) 12 శాతం ఉండేది. "అది తాగేవాడి మీద పడుతుంది, రైతుకేం సంబంధం" అని ఆయన వాదన. పన్ను ఎవరు కడుతున్నారన్నది బిల్లులో తేలదు, ఎవరు తప్పించుకోలేరన్నదాన్ని బట్టి తేలుతుంది సార్ అన్నాను. మామిడి జ్యూస్ ధర పెరిగితే తాగేవాడు ఇంకో కూల్‌డ్రింక్‌కు పోతాడు. ఫ్యాక్టరీ ఈ ఏడు కాస్త తక్కువ కొంటుంది. చెట్టు మాత్రం అక్కడే ఉంటుంది, కాయడానికే అన్నేళ్లు పట్టిన చెట్టు. కాబట్టి ఆ 12 శాతంలో కొంత తోట దాకా వస్తుంది. ఎంత అన్నది ఎవరైనా లెక్కగట్టాలి. ఆయన ఒప్పుకోలేదు. టీ చల్లారిపోయింది, బెల్ కొట్టారు.

సాయంత్రం ఇంటర్నల్ పరీక్ష పేపర్ తయారు చేశాను. గోధుమల ప్రశ్న తీసేసి, 8, 12 గీతలతో పటం గీసి ప్రభుత్వానికి అయ్యే ఖర్చును అందులో గుర్తించమని అయిదు మార్కులకు ఇచ్చాను. దానికిందే, ప్రభుత్వం ఆ 4 రూపాయలను రైతుకు కాకుండా ఫ్యాక్టరీకి ఇస్తే ఏం మారుతుందని ఇంకో అయిదు మార్కులు. మోడల్ పేపర్‌లో లేనివి ఎందుకని మా శాఖ పెద్ద (హెచ్‌ఓడీ) ఫోన్‌లో విసుక్కున్నారు. మొదటిది ఉంచి రెండోది తీసేయమన్నారు. రెండూ ఉంచే పంపాను.