వరదలో తడిసిన చీటీలు

"ఏ మందు పడలేదో గుర్తుందామ్మా?" అని డాక్టరుగారు అడగగానే మా అత్తయ్యగారు బట్టల కొట్టు సంచిలోంచి చీటీలు తీసి బల్ల మీద పరిచారు. లంకలోని ఇంట్లోకి గోదావరి వచ్చినప్పుడు తడిసి, ఎండలో ఆరబెడితే అప్పడాల్లా బిరుసెక్కిన కాగితాలవి. మందు పేరు ఉండవలసిన చోట నీలి మరక మాత్రమే మిగిలింది.

ఈ ఉదయం అమలాపురంలో ఆ మరకను చూస్తూ కూర్చున్న నాకు, రెండేళ్ల క్రితం రాజమండ్రిలో చేరినప్పుడు ఆమె వివరాలను 14 అంకెల ఆభా సంఖ్యకు, అంటే ఆరోగ్య రికార్డులను కలిపే ప్రభుత్వ గుర్తింపు సంఖ్యకు, జతచేశారన్న సంగతి గుర్తొచ్చింది. ఆమె ఫోనులోనే అనుమతి ఇచ్చాక అప్పటి డిశ్చార్జి పత్రం తెర మీదికి వచ్చింది: పెన్సిలిన్ పడదు, ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరుగారు అప్పటికే రాసిన, పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్‌ను కొట్టేసి, వేరే మందు రాశారు. "ఆయ్, అదేనండి" అని అత్తయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు.

2021లో దేశమంతటా మొదలైన ఈ ఏర్పాటులో రోగి ఒప్పుకుంటేనే వివరాలు మరో ఆసుపత్రికి అందుతాయన్నది నాకు ఎంతో నచ్చిన విషయం. ఏటా శ్రావణానికి అటూ ఇటూగా సామాను అటక మీదికి ఎక్కించుకునే లంకవాసులకు ఇది నిజంగా అవసరం. అయితే ఊళ్లోని చిన్న క్లినిక్కుల చేతిరాత చీటీలు అందులోకి వాటంతటవే చేరవు.

అందుకే చదవడానికి వీలున్న పదకొండు కాగితాలను ఈ రాత్రే ఫోటో తీసి ఆమె ఖాతాలో చేరుస్తున్నాను.